పట్టా తెర ముందు మన తొమ్మిదో తరగతి: ప్రధానోపాధ్యాయురాలి లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

గత నెల సమావేశంలో మీలో కొందరు నన్ను నేరుగానే అడిగారు: "లెక్కలు రాక అవస్థ పడుతున్న పిల్లలకు ఫ్యాషన్ ఫొటోలు ఎందుకు మేడమ్?" ప్రశ్న న్యాయమైనదే. ఆ రోజు సమయం చాలక రెండు ముక్కల్లో జవాబు చెప్పి ముగించాను. ఫిబ్రవరి రెండో శనివారం పిల్లలు రెండో విడత ఫొటోలు తీయబోతున్నారు కనుక, మొదటి విడతలో ఏం జరిగిందో, ఇప్పుడు ఇంటి నుంచి ఏం కావాలో, ముఖ్యంగా ఏం అక్కర్లేదో ఈ లేఖలో వివరంగా రాస్తున్నాను.

ఈ పని ఒక జత బూట్ల దగ్గర మొదలైంది. ఒక విద్యార్థి వేసుకొచ్చిన ఖరీదైన బూట్ల మీద తరగతిలో మాటలు రేగి, ఇద్దరు పిల్లలు రెండు రోజులు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఆ బూట్లు ఎందుకంత గొప్పవని నేను అడిగినప్పుడు జవాబు చెప్పిన వారిలో ఒక్కరు కూడా కుట్టు గురించి గానీ, తోలు గురించి గానీ, నడిచేటప్పుడు ఉండే సౌకర్యం గురించి గానీ చెప్పలేదు. అందరూ ప్రకటన గురించే చెప్పారు. అయితే ఆ ప్రకటన ఎలా తయారవుతుందో పిల్లలే తయారుచేసి తెలుసుకుంటే బాగుంటుందని మా చిత్రలేఖనం ఉపాధ్యాయుడు ప్రతిపాదించారు, నేను ఒప్పుకున్నాను.

మొదటి వారమంతా చూడటానికే సరిపోయింది. విదేశీ వాచీలు, అత్తర్లు, చేతిసంచుల ప్రకటనలను పాత పత్రికల నుంచి కత్తిరించి గోడ మీద ఒక పక్క అంటించాము. రెండో పక్క కర్నూలు రాజ్‌విహార్ సెంటరులో పిల్లలే ఫోనుతో తీసుకొచ్చిన బట్టల దుకాణాల ఫ్లెక్సీల ఫొటోలు పెట్టాము. మన ఫ్లెక్సీలో పది చీరలు, తగ్గింపు శాతం, మూడు ఫోను నంబర్లు, పండుగ శుభాకాంక్షలు, దుకాణం యజమాని ఫొటో, ఇంకా చోటు మిగిలితే ఒక దీపం బొమ్మ ఉంటాయి. అటువైపు పేజీలో ఒకే వస్తువు, మూలన చిన్న అక్షరాల్లో పేరు, మిగిలినదంతా ఖాళీ. ధర ఎక్కడా కనిపించదు. "అంత డబ్బు పెట్టి పేజీ కొనుక్కొని ఖాళీగా వదిలేస్తారా మేడమ్?" అని ఒక అబ్బాయి ఆశ్చర్యపోయాడు. మా పాఠం నిజంగా ఆ ప్రశ్నతోనే మొదలైంది. చోటును వృథా చేయగలగడమే అక్కడ సంపదకు గుర్తు అని పిల్లలు తమంతట తామే తేల్చారు.

వాచీల ప్రకటనలను వరుసగా పెట్టి చూసినప్పుడు, దాదాపు అన్నింటిలోనూ ముళ్లు పది గంటల పది నిమిషాల దగ్గరే ఉన్నాయని ఒక అమ్మాయి కనిపెట్టింది. పన్నెండు అంకె కింద ఉండే కంపెనీ పేరుకు రెండు వైపులా ముళ్లు తెరచిన చేతుల్లా నిలవడం కోసమే అలా పెడతారు. మరునాడు ఆ అమ్మాయి ఇంట్లో మూలన పడి ఉన్న తాతగారి హెచ్‌ఎంటీ వాచీని తెచ్చింది. అది ఎప్పుడో ఆగిపోయింది. ఫొటోకు అదే మేలయింది, పదీ పది పెడితే ఇక కదలదు కదా.

చిత్రీకరణకు ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు తీసుకెళ్లమని పిల్లలు పట్టుబట్టారు. కొందరు కొండారెడ్డి బురుజు అన్నారు. బస్సు ఖర్చు, ఎండ, జనం గుమిగూడటం, ఇవన్నీ ఆలోచించి రెండింటికీ నేను ఒప్పుకోలేదు. పాఠశాల మిద్దె మీది గదిలోనే తీయమన్నాను. కాసేపు అందరి ముఖాలూ ముడుచుకుపోయాయి. అప్పుడు వారికి అమెరికా ఫొటోగ్రాఫర్ అర్వింగ్ పెన్ గురించి చెప్పాను. 1950లో వోగ్ ఫ్యాషన్ పత్రిక కోసం పారిస్ దుస్తులను ఫొటోలు తీసినప్పుడు ఆయన మెట్లెక్కి చేరే పై అంతస్తు గదిలో, కిటికీ వెలుతురులో, వెనుక ఒక పాత నాటకశాల తెర కట్టి పని చేశాడు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన దుస్తులు ఆ మాసిన తెర ముందు నిలబడ్డాయి. అదే గదిలో, అదే తెర ముందు, మాంసం కొట్టేవారినీ రొట్టెలు చేసేవారినీ వారి పని దుస్తుల్లో, చేతిలో పనిముట్లతో నిలబెట్టి అంతే శ్రద్ధగా ఫొటోలు తీశాడు.

మనకు నాటకశాల తెర లేదు. మన బస్సు డ్రైవరు గారు విని, ఆదోని పత్తి లారీల మీద కప్పే పాత పట్టా ఒకటి తెచ్చి ఇచ్చారు. ఎండకు వెలిసి, పచ్చదనమంతా పోయి, మబ్బు రంగుకు తిరిగిన గుడ్డ అది. పిల్లలు దాన్ని ఉతికి, నేల మీదికి కూడా జారేలా వేలాడదీశారు. కొన్న తెర ఏదీ అంత అందంగా ఉండేది కాదేమో.

ఇక వెలుతురు. ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకే మాకు పని. ఆ తర్వాత కర్నూలు ఎండ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. కిటికీకి పక్కగా మనిషిని నిలబెడితే ముఖంలో ఒక సగం వెలుగుతుంది, రెండో సగం చీకట్లో పడుతుంది. ఆ చీకటి వైపు ఒక తెల్లని థర్మోకోల్ అట్ట పట్టుకుంటే కళ్ల కింది నీడ మెల్లగా కరుగుతుంది. అట్టను జానెడు ముందుకూ వెనక్కూ జరుపుతూ, స్నేహితురాలి ముఖం మారడం చూస్తూ, ఒక అమ్మాయి పది నిమిషాలు మాట పలుకు లేకుండా అలాగే నిలబడిపోయింది. భౌతికశాస్త్రం ఉపాధ్యాయురాలు ఊరుకుంటారా? చిన్న బల్బు తెప్పించి, దూరం రెట్టింపయితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోవడాన్ని ఫోనులోనే కొలిపించారు.

స్టైలింగ్ అంటే అలంకరణ అని చాలామంది అనుకుంటారు. అక్కడ అసలు పని వస్తువులను తీసివేయడమే. ఒక అమ్మాయి వాళ్ల అవ్వ గద్వాల చీర తెచ్చింది. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. దాని మీదికి గాజులు, హారం, పూలు, వాచీ అన్నీ వేసి నిలబెట్టారు. ఒక్కొక్కటే తీస్తూ వచ్చారు. చివరికి చీర, ఒక గాజు మిగిలాయి. రవిక వదులుగా ఉంటే వీపు వైపు బట్టల క్లిప్పులు నాలుగు పెట్టి బిగించారు. ముందు నుంచి చూస్తే కొలతకు కుట్టించినట్టుంది, వెనక నుంచి చూస్తే దండెం మీద ఆరేసినట్టుంది. పెద్ద ప్రకటనల వెనుక కూడా క్లిప్పులూ పిన్నులూ ఇలాగే ఉంటాయని చెబితే పిల్లలు పగలబడి నవ్వారు. ఆ వెనకవైపు ఫొటో కూడా ప్రదర్శనలో పెట్టాలని నేను గట్టిగా చెప్పాను.

అన్నిటికంటే కష్టమైనది దర్శకత్వం. దర్శకుడిగా నిలబడిన అబ్బాయి మొదట "నిటారుగా నిలబడు, సీరియస్‌గా చూడు" అని అరిచాడు. ఎదుటి పిల్ల పాస్‌పోర్టు ఫొటోకు నిలబడినట్టు బిగుసుకుపోయింది. అరగంట తర్వాత అతనికే తోచింది. "కొంగు జారింది, తీసి భుజం మీద వేసుకో" అన్నాడు. ఆమె వేసుకుంది. ఆ కదలికలో తీసిన ఫొటోయే అన్నిటిలోకీ బాగా వచ్చింది. మనిషికి ముఖకవళిక చెప్పకూడదు, చేతికి పని చెప్పాలి అన్నది అతను నేర్చుకున్నాడు. నలుగురితో పని చేయించవలసిన ప్రతి చోటా ఈ విద్య పనికొస్తుంది, నాకే ఇరవై ఏళ్ల ఉద్యోగం తర్వాత అబ్బింది.

మొదటి విడత చివర్లో పెన్ కథ గుర్తుంచుకున్న పిల్లలు, మన ఆయమ్మను చీపురుతోనూ, డ్రైవరు గారిని స్టీరింగు తుడిచే గుడ్డతోనూ అదే పట్టా ముందు నిలబెట్టారు. ఆ రెండు ఫొటోలను నేను ఇక్కడ వర్ణించను. వచ్చి చూడండి.

ఒక నియమం విషయంలో మాత్రం రాజీ లేదు. చర్మం రంగు మార్చే ఫిల్టరు గానీ, నడుము సన్నబరిచే మార్పు గానీ ఏ ఫొటోలోనూ ఉండకూడదు. ఫ్రాన్సులో మోడల్ శరీరాకృతిని మార్చిన వాణిజ్య ఫొటోపై అది మార్చిన ఫొటో అని ముద్రించాలన్న నియమం 2017 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. మన దేశంలో ముదురు రంగు చర్మాన్ని తక్కువ చేసి చూపరాదని, ప్రకటనల రంగం తనకు తానే పెట్టుకున్న నియంత్రణ సంస్థ అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నా పట్టుదలకు సొంత కారణం కూడా ఉంది. నా పెళ్లి ఫొటోలో స్టూడియోవారు నా ముఖానికి ఎంత తెలుపు పూశారంటే, ఆల్బం తెరిచి మా అమ్మ "ఈ పిల్లెవరే?" అని అడిగింది. ఆ ఆల్బం ఇప్పటికీ బీరువాలోనే ఉంటుంది, ఎవరికీ చూపించను.

ఇప్పుడు మీరు చేయవలసినవి. దయచేసి ఈ పని కోసం ఏమీ కొనవద్దు. కొత్త బట్టలతో వచ్చిన పిల్లలను ఫొటోలో కాక అట్ట పట్టుకునే పనిలో పెడతామని ముందే చెప్పాము. బంగారం పంపవద్దు, దాని బాధ్యత మేము తీసుకోలేము. ఇంట్లో ఉన్న నేత చీర, పంచె, దుప్పటి, తువ్వాలు ఏదైనా సరే. ఎమ్మిగనూరు నేత దుప్పటి ఉంటే మరీ మంచిది. 1938లో అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన మాచాని సోమప్ప గారి గురించి పిల్లలు సాంఘికశాస్త్రం ప్రాజెక్టులో రాస్తున్నారు, ఆ దుప్పటినే ఈసారి విలాస వస్తువులా చూపించాలని వారి ఆలోచన.

ఈ లేఖతో ఒక అంగీకార పత్రం పంపుతున్నాము. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలి. చట్టం లేకపోయినా నేను అడిగేదాన్నే. ఫొటోలు పాఠశాల ఫోనుతోనే తీస్తాము. అచ్చు వేయించి వరండాలో పెడతాము, సామాజిక మాధ్యమాల్లో పెట్టము. మీరు కూడా వాట్సాప్ స్టేటస్‌లో ఇతరుల పిల్లల ఫొటోలు పెట్టవద్దని కోరుతున్నాను. మీ అమ్మాయో అబ్బాయో ఫొటోలో కనిపించడం మీకు ఇష్టం లేకపోతే పత్రంలో ఆ గడి దగ్గర టిక్కు పెట్టండి. కారణం రాయనక్కర్లేదు. వెలుతురు, స్టైలింగ్, దర్శకత్వం పనుల్లో వారికి అంతే మార్కులు ఉంటాయి.

పత్రాలు గురువారం లోపు తరగతి ఉపాధ్యాయురాలికి అందాలి. పంపే బట్టలను ఇంట్లోనే ఇస్త్రీ చేసి, లోపలి వైపు పేరు రాసిన కాగితం పిన్నుతో గుచ్చి పంపండి. పోయినసారి రెండు తెల్ల పంచెలు తారుమారై, అవి ఎవరివో తేల్చడానికి మాకు వారం పట్టింది.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు