ఆ పాట ట్రేసీ చాప్‌మన్‌ది

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో అమెరికా పల్లె బాణీల్లోంచి వచ్చిన కంట్రీ పాటల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. బాగానే ఉంది కానీ ‘ఫాస్ట్ కార్’ కంట్రీ గాయకుడు ల్యూక్ కాంబ్స్ పాట అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన 2023లో పాడి మళ్లీ హిట్ చేసిన మాట నిజమే. పాట వచ్చింది మాత్రం 1988లో, అప్పటికి కాంబ్స్ ఇంకా పుట్టనే లేదు. రాసింది, బాణీ కట్టింది, గిటార్ వాయిస్తూ పాడింది ట్రేసీ చాప్‌మన్ అనే నల్లజాతి అమ్మాయి. ఇలాంటి వాళ్లకు మన దగ్గర వాగ్గేయకారులు అని చక్కటి మాట కూడా ఉంది.

ఆమెది ఒహాయోలోని క్లీవ్‌లాండ్. తల్లి పెంపకంలో పెరిగింది, ఎనిమిదేళ్లకే గిటార్ పట్టింది. స్కాలర్‌షిప్ మీద కనెక్టికట్‌లో స్కూలు చదువు, తర్వాత టఫ్ట్స్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ, ఆ చదివే రోజుల్లోనే హార్వర్డ్ స్క్వేర్‌లో రోడ్డు పక్కన నిలబడి పాడేది. 1988 ఏప్రిల్‌లో మొదటి ఆల్బమ్ వచ్చింది. జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో మండేలా 70వ పుట్టినరోజు కచేరీ. ఈమె పాడాల్సినవి పాడేసి దిగిపోయింది కూడా. ఈలోగా గాయకుడు స్టీవీ వండర్ కీబోర్డుకు కావాల్సిన హార్డ్ డిస్క్ కనపడక ఆయన ఆగిపోవడంతో, ఖాళీ నింపడానికి ఈమెను మళ్లీ ఎక్కించారు. అంత పెద్ద స్టేడియం, ఎదురుగా మైకు, చేతిలో గిటార్, అంతే. దేశదేశాల్లో టీవీలకు అతుక్కున్న జనం ఆ పాట విన్నారు. అదే ఏడాది సెప్టెంబర్ 30న ఆమ్నెస్టీ అనే మానవ హక్కుల సంస్థ వాళ్ల టూర్‌లో ఢిల్లీ నెహ్రూ స్టేడియంలో కూడా పాడింది, ఈ సంగతి మనలో చాలామందికి తెలియదు.

కీబోర్డుల హోరు నడుస్తున్న ఆ రోజుల్లో ఈమె ఫోక్ (జానపద బాణీ), బ్లూస్ (అమెరికా నల్లజాతి వాళ్ల పాత బాణీ)లను వదలకుండానే పాప్ చార్టుల్లోకి వెళ్లింది. ‘ఫాస్ట్ కార్’లో, గిటార్ మెడ మీద రెండో ఫ్రెట్‌లో (గడిలో) కాపో అనే బిగింపు క్లిప్పు పెట్టుకుంటే, చరణాల పొడవునా అవే నాలుగు కార్డులు (స్వరాల గుత్తులు) తిరుగుతుంటాయి. వినడానికి చాలా సులువు, నేను వాయించబోయి వేళ్లు వాచిపోయి రెండు వారాలు పక్కన పెట్టేశాను, అది వేరే కథ. 1995 ఆల్బమ్‌లోని ‘గివ్ మీ వన్ రీజన్’ అయితే అచ్చమైన పన్నెండు బార్ల (తాళం ఆవర్తాల) బ్లూస్, అది కూడా అమెరికా చార్టులో మూడో స్థానం దాకా వెళ్లింది. 2008 తర్వాత ఆమె కొత్త ఆల్బమ్ చేయలేదు, ఇంటర్వ్యూలూ అంతంత మాత్రమే.

అలా పదిహేనేళ్లు తెర వెనకే ఉన్న మనిషికి, ఇంకొకరి గొంతులో వచ్చిన పాటకు, 2023 నవంబర్‌లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ‘సాంగ్ ఆఫ్ ది ఇయర్’ ఇచ్చింది. ఆ అవార్డు రాసినవాళ్లకు ఇస్తారు, పాడినవాళ్లకు కాదు. నల్లజాతి రచయితకు అది రావడం అదే మొదటిసారి. కాంబ్స్‌ను కూడా మెచ్చుకోవాలి, పాటలో అమ్మాయి తన గురించి చెప్పుకునే మాటలను మగగొంతు కోసం మార్చకుండా ఉన్నదున్నట్టు పాడాడు. 2024 ఫిబ్రవరి గ్రామీ సంగీత అవార్డుల వేదిక మీద ఇద్దరూ కలిసి పాడినప్పుడు ఆమె వైపు ఎంత గౌరవంగా చూశాడో ఆ వీడియోలో చూడండి.

మన రేడియోలో వివిధ భారతి వాళ్లు పాట వేసే ముందు రాసినవారి పేరు కూడా చెప్పేవారు. ఇప్పుడు హీరో పాట, మహా అయితే సింగర్ పాట. జానపదాలైతే మరీ అన్యాయం, కట్టినవాళ్లు బతికుండగానే ‘సంప్రదాయ గీతం’ అయిపోతుంటాయి.

కాబట్టి వచ్చే ఆదివారం చిన్న సవరణ వేయండి, రెండు లైన్లు చాలు. ఫొటో వేస్తే మాత్రం గిటార్‌తో ఉన్న ఆమెదే వేయండి.

– ఒక పాఠకుడు, వరంగల్