చనుమొన లోపలికి ఉందని దిగులు పడకు

లీడ్స్ నుంచి

బుజ్జీ,

మొన లోపలికి ఉంటే బిడ్డ పాలు పట్టుకోదని జేజి చెప్పిన మాటకు నువ్వు నిద్ర మానుకోవద్దు. బిడ్డ తాగేది మొనను కాదు, రొమ్మును. మొన చుట్టూ ఉండే నల్లటి వలయం చాలావరకు నోట్లోకి పోవాల. ఉత్త మొననే చీకితే నీకు పగుళ్లు, దానికి ఆకలి.

బొటనవేలు, చూపుడువేలు ఆ వలయం అంచున పెట్టి మెల్లగా నొక్కిచూడు. మొన బయటికి వస్తే అది చదునుగా ఉందంతే. ఇంకా లోపలికి పోతే, కింద పాలనాళాలు పొట్టిగా ఉండి లాగుతున్నాయన్నమాట. ఈడేరినప్పటినుంచీ అట్లే ఉంటే జబ్బు కాదు. వలయం మీద చిన్నచిన్న బొడిపెలు నూనె గ్రంథులు, గిల్లొద్దు, సబ్బు రుద్దొద్దు. ఒక రొమ్ము కొంచెం పెద్దగా ఉండటం, వలయం దగ్గర ఒకటీ రెండు వెంట్రుకలు, కడుపుతో ఉన్నప్పుడు నలుపెక్కడం అన్నీ మామూలే.

ఇప్పుడు కడుపుతో ఉండగా మొనలు లాగే పని పెట్టుకోవద్దు. దానివల్ల లాభం లేదు, గర్భసంచి బిగుసుకోవచ్చు కూడా. కాన్పయినాక 10 మి.లీ. సిరంజి కొత్తది తెప్పించు. సూది తగిలించే కొనను బ్లేడుతో తెగకోసి, లోపలి కాడ తీసి, కోసిన వైపు నుంచి దూర్చాల. నున్నగా ఉన్న రెండో వైపే రొమ్ముకు ఆనాల. తిరగేస్తే కోసిన అంచు గీరుకుంటుంది. పాలిచ్చే ముందు కాడను మెల్లగా లాగి అర నిమిషం నుంచి నిమిషం పట్టుకో. నొప్పి పుడితే వదులు చెయ్యి. తీసేముందు కాడను కొంచెం లోపలికి తోస్తే పట్టు వదులుతుంది. వెంటనే బిడ్డను పట్టించు, ఆలస్యమైతే మొన మళ్లీ దిగిపోతుంది.

పుట్టిన గంటలోపే మొదలుపెట్టు. నోరు బాగా తెరిచేదాకా ఆగు. గడ్డం రొమ్ముకు తగలాల, కింది పెదవి బయటికి మడుచుకోవాల. మూడో నాలుగో రోజు పాలు చేపుకొచ్చి రొమ్ము గట్టిపడితే మొన ఇంకా చదునవుతుంది. అప్పుడు చేత్తో కొన్ని పాలు పిండి మెత్తబరుచుకో. అప్పటికీ పట్టకపోతే పిండిన పాలే ఉగ్గుగిన్నెతో పట్టు, సీసా జోలికి పోవద్దు. అయిదో రోజు దాటినాక రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తుంటే పాలు చాలుతున్నట్టే.

ఇది అమ్మకు చదివి వినిపించు. ఇన్నాళ్లు బాగున్న మొన ఒకవైపే కొత్తగా లోపలికి పోయినా, నెత్తురు కలిసిన నీరు కారినా, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడినా, రొమ్ములోనో చంకలోనో గడ్డ తగిలినా, నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు, రొమ్ము క్యాన్సర్ కావచ్చు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి అయినా, వేలూరు సీఎంసీ ఆసుపత్రి అయినా చిత్తూరుకు దూరమేం కాదు. డాక్టరు చేత్తో చూసి, వయసును బట్టి మామోగ్రామో స్కానో రాస్తారు. ఒక్క మొన మీదే పొలుసు కట్టి మానకపోతే తామర అనుకుని నెలల తరబడి ఆయింట్‌మెంట్ పూస్తూ ఉండొద్దని ఆమెకు గట్టిగా చెప్పు.

మీ అక్క