గాలే రాకపోతే గ్యాస్ ఎందుకు నింపుతున్నారు?

ఎడిటర్ గారికి,

ఎండలు ముదిరితే చాలు, తిరుపతిలోనూ మా చిత్తూరులోనూ కారు ఏసీ షెడ్ల ముందు బండ్లు వరస కడతాయి. వాటిలో పాత అంబాసిడర్లు, కాంటెస్సాలు, మారుతి 800లు కూడా ఉంటాయి. 'ఏసీ సరిగా రావడం లేదన్నా' అనగానే చాలాచోట్ల బానెట్ ఎత్తి గ్యాస్ పైపు తగిలించేస్తున్నారు. వచ్చే గాలి చల్లగా లేకపోవడం వేరు, అసలు గాలే రాకపోవడం వేరు. ఈ తేడా చూడకుండా జనం దగ్గర డబ్బులు తీసుకోవడం అన్యాయం.

మా నాయన కొన్న ఇసుజు ఇంజిన్ అంబాసిడర్ ఇప్పటికీ ఇంట్లోనే ఉంది. 2014లోనే బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో వాటి తయారీ ఆగిపోయింది, కాబట్టి ఉన్నదాన్నే జాగ్రత్తగా చూసుకోవాలి. పోయిన వేసవిలో తిరుపతికి పోతుంటే పూతలపట్టు దాటేసరికే వెనక సీట్లో అమ్మకు ఉక్కపోత, బ్లోయర్ (గాలి తోసే ఫ్యాన్) చివరిదాకా తిప్పినా మోతే గానీ గాలి లేదు. తిరుపతిలో ఒక షెడ్డులో చూపిస్తే గ్యాస్ నింపి బిల్లు చేతిలో పెట్టారు. గాలి మాత్రం ఎప్పట్లాగే.

గ్యాస్ దాకా పోకముందే తేల్చుకునే పద్ధతి ఒకటుంది. ఏసీ స్విచ్ ఆపేసి ఉత్త ఫ్యాన్ ఫుల్లులో పెట్టి చూడండి. అప్పుడు కూడా గాలి నీరసంగానే వస్తే దానికీ గ్యాస్‌కూ సంబంధమే లేదు. అలా కాకుండా మొదట బాగా వచ్చి, పావుగంటో ఇరవై నిమిషాలో పోయాక తగ్గి, కాసేపు ఏసీ ఆపితే మళ్ళీ పుంజుకుంటే కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోందన్నమాట. అప్పుడు కాయిల్ మరీ చల్లబడితే కూలింగ్ ఆపే థర్మోస్టాట్ చూడాలి. గ్యాస్ తక్కువైనా మంచు కట్టొచ్చు గనుక గ్యాస్ ప్రెషర్ చూడమంటే అందులో తప్పు లేదు.

మా బండిలో అసలు సంగతి, తెలిసిన ఎలక్ట్రీషియన్ డాష్‌బోర్డ్ కింది ఏసీ యూనిట్ విప్పితే బయటపడింది. పాత కార్లలో లోపలి గాలికి ఫిల్టర్ ఉండదు, ఏళ్ళ తరబడి లాగిన దుమ్మంతా తడి కాయిల్‌కే అంటుకుంటుంది. కాయిల్‌కుండే పల్చటి రేకుల మీద బూడిదరంగు దుమ్ము దుప్పటి కప్పినట్టుంది, అందులో వెంట్రుకలు, ఎండు వేపాకులు, యూనిట్ లోపల గాలిని మళ్ళించే చిన్న తలుపుల అంచులకు అంటించిన స్పాంజ్ పొడి. మెత్తటి బ్రష్షుతో, సన్నటి నీళ్ళ ధారతో కడిగాడు. వాటర్ సర్వీసింగ్ గన్ పెడితే రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది, ఎవరన్నా తొందరపడినా ఒప్పుకోవద్దు. నీళ్ళు బయటికి పోయే సన్న పైపు కూడా ఊది చూడాలి. స్పాంజ్ పోయిన చోట కొత్తది అంటించాలి, లేకపోతే గాలి సందుల్లోంచి డాష్‌బోర్డ్ వెనక్కే పోతుంది.

రెండోది కరెంటు. ఇంజిన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దాకా ఉంది, ఫ్యాన్ ఫుల్లులో పెట్టి మోటారు దగ్గర మల్టీమీటర్ (వోల్టేజీ కొలిచే మీటరు) పెడితే 11 కూడా లేదు. ఇగ్నిషన్ స్విచ్, బ్లోయర్ స్విచ్, తుప్పు పట్టిన జాయింట్లు, ఎర్త్ వైరు, అన్నీ తలా కొంచెం మింగేస్తున్నాయి. వోల్టేజీ తగ్గితే మోటారు వేగం తగ్గుతుంది, దాంతో గాలీ తగ్గుతుంది. బ్యాటరీ నుంచి మందపాటి వైరు వేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, మోటారుకు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) మీదుగా ఇస్తే సరిపోయింది, పాత స్విచ్ ఆ రిలేను నడిపిస్తుందంతే. ఫ్యూజు ఊరికే పోతోందని పెద్ద ఫ్యూజు మాత్రం వేయకండి, నిప్పు అంటుకుంటుంది. ఇంకోటి, మోటారుకు వైర్లు తారుమారుగా తగిలిస్తే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది, అయినా కాస్త గాలి వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అదీ చూడమనండి.

ఇది ఒక్క డబ్బుల విషయమే కాదు. ఓజోన్‌ను తినేసే పాత ఏసీ గ్యాస్ ఆర్-12 వాడకం మన దేశంలో 2010 నాటికే ఆపేశారు, ఇప్పుడు ఎక్కువగా నింపుతున్న ఆర్-134ఏ కూడా కార్బన్ డయాక్సైడ్ కన్నా వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అవసరం లేకున్నా పాత గ్యాస్ బయటికి వదిలేసి కొత్తది నింపడం ఎవరికి మేలు?

మీ జిల్లా పేజీలో దీని గురించి వేసవికి ముందే రాయించండి. ఐటీఐల్లో మెకానిక్ కోర్సు చెప్పే మాస్టార్లు పిల్లలకు గ్యాస్ గేజీతో పాటు మల్టీమీటర్ కూడా చేతికివ్వాలి. షెడ్ల వాళ్ళు బిల్లులో బ్లోయర్ దగ్గర వోల్టేజీ ఎంతో, కాయిల్ విప్పి చూశారో లేదో రాయాలి.

– ఒక పాఠకుడు, చిత్తూరు