ప్రధానోపాధ్యాయురాలి లేఖ: ఆ డాక్టరు కథలో మిగతా సగం

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒక సోమవారం ప్రేయర్‌లో పదో తరగతి అబ్బాయి ఐదు నిమిషాలు మాట్లాడాడు. గుండె ఆపరేషన్లు చేసే డాక్టరు ఒకాయన ఆ పని వదిలేసి యూట్యూబ్‌తో స్టార్ అయిపోయిన కథ. ఆయన ఈజిప్టుకు చెందిన బాసెమ్ యూసఫ్. పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు. సాయంత్రానికి నాకు నాలుగు ఫోన్లు వచ్చాయి. "మేడమ్, మావాడు బైపీసీ వద్దు, ఛానల్ పెడతానంటున్నాడు" అని ఒకరు. "ఇలాంటివి స్టేజి ఎక్కించి చెప్పించాలా" అని ఇంకొకరు.

ఆ అబ్బాయి అబద్ధమేమీ చెప్పలేదు. ఐదు నిమిషాల్లో సగమే పట్టింది, అంతే.

యూసఫ్ 1998లో కైరో విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా తీసుకున్నారు. ఆ తర్వాత పదేళ్లకు పైగా వైద్యమే ఆయన లోకం. 2011 మొదట్లో కైరోలోని తహ్రీర్ స్క్వేర్‌లో జనం అప్పటి అధ్యక్షుడు ముబారక్ మీద తిరగబడ్డప్పుడు వెళ్లి గాయపడ్డవాళ్లకు వైద్యం చేశారు. అక్కడ కళ్లారా చూసింది ఒకటి, ప్రభుత్వ టీవీలో వస్తున్నది ఇంకొకటి. దాన్ని వెటకారం చేస్తూ మార్చిలో వీడియోలు మొదలుపెట్టారు. స్టూడియో అంటే ఇంట్లో బట్టలుతికే గదే. పేరు 'బీ ప్లస్', అంటే ఆయన బ్లడ్ గ్రూపు! మూడు నెలల్లో 50 లక్షల వ్యూస్ దాటాయి. అప్పటికి ఆయన పిల్లల గుండె శస్త్రచికిత్సలో పైశిక్షణకు అమెరికాలోని క్లీవ్‌లాండ్ వెళ్లే ప్రయత్నంలో ఉన్నారు. ఆ ప్రయాణం ఆగిపోయింది, టీవీలో 'అల్ బెర్నామెగ్' అనే ఆయన వ్యంగ్య కార్యక్రమం మొదలైంది.

మనవాడు ఆపింది ఇక్కడే.

2013లో, ముబారక్ తర్వాత ఎన్నికైన అధ్యక్షుడు మోర్సీని, మతాన్ని అవమానించారని యూసఫ్ మీద అరెస్టు వారెంటు వచ్చింది. మోర్సీ పాకిస్తాన్‌లో గౌరవ డాక్టరేటు అందుకున్నప్పుడు పెట్టుకున్న టోపీ ఉంది కదా, అలాంటిదే మరీ పెద్ద టోపీ పెట్టుకుని విచారణకు వెళ్లారీయన. (ఇది చదివి నేను పడీపడీ నవ్వాను.) 15,000 ఈజిప్టు పౌండ్ల పూచీకత్తు మీద వదిలారు. మోర్సీని దించేసి సైన్యం వచ్చాక నవ్వులాట కుదరలేదు. ఒక ఛానల్ కార్యక్రమాన్ని నిలిపేసింది. ఇంకో ఛానల్‌లో మొదలుపెట్టినా 2014 జూన్‌లో ఆయనే ఆపేశారు, కుటుంబానికి ఏమవుతుందోనన్న భయంతో. ఆ ఏడాది చివర్లో దేశమే విడిచిపెట్టారు. నలభై దాటాక, తనది కాని ఇంగ్లీషులో జోకులు చెప్పడం అమెరికాలో మళ్లీ ఓనమాల నుంచి నేర్చుకున్నారు.

అందుకని ఇది చదువు మానేసి గెలిచినవాడి కథ కాదు. అలాగని పిల్లల్ని బెదిరించడానికి వాడుకునే కథా కాదు. నాకు నచ్చింది ఆయన పనితనం: ఒకే మనిషి నిన్నన్న మాటనూ ఇవాళన్న మాటనూ పక్కపక్కన చూపించి ఊరుకోవడం. అలా చూపించాలంటే ఎన్ని గంటల పాత వీడియోలు ఓపికగా చూడాలో ఛానల్ పెడతానన్న మీ పిల్లల్ని ఒకసారి అడగండి.

వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు తల్లిదండ్రుల సమావేశం. ప్రోగ్రెస్ కార్డులు అప్పుడే ఇస్తాం. దానికి ముందు అదే అబ్బాయి మీ అందరి ఎదుట కథలో రెండో సగం చెబుతాడు. ఈసారి పది నిమిషాలు అడిగాడు. ఇచ్చాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు