గాయపడ్డ పక్షులను ఇకపై షాపులో ఉంచుకోలేం. కారణం ఇదీ

అందరికీ నమస్కారం.

బెంగళూరు మారతహళ్ళిలో మన షాపుకి వచ్చేవాళ్ళలో చాలామంది, రోడ్డు మీద దెబ్బ తగిలిన పక్షి కనబడితే నేరుగా మన దగ్గరికే తెస్తారు. డాగ్ ఫుడ్ అమ్మేవాళ్ళు, కుక్కలకి బోర్డింగ్ ఇచ్చేవాళ్ళు పక్షిని మాత్రం చూసుకోరా అన్న నమ్మకం. ఆ నమ్మకం నాకు చాలా విలువైనది. అయినా ఈ నెల నుంచి గద్ద, గుడ్లగూబ, రామచిలుక, తాబేలు, పాము, అది ఏదైనా సరే, వన్యప్రాణిని షాపులో ఉంచుకోలేం. ఒక్క రాత్రికి కూడా కుదరదు. వీధి కుక్కలు, పిల్లుల విషయంలో మార్పేమీ లేదు.

ఎందుకో దాచకుండా చెప్తాను. ఈ మధ్య ఒకాయన రెక్క విరిగిన రామచిలుకను తెచ్చి, ఆఫీసుకి లేటవుతోందని కౌంటర్ మీద పెట్టి వెళ్ళిపోయారు. మేం ఫోన్లు చేసి, తీసుకెళ్ళేవాళ్ళు వచ్చేదాకా దాన్ని ఖాళీ పంజరంలో ఉంచాం. ఈలోపు షాపుకి వచ్చిన ఇంకెవరో ఫోటో తీసి, ఇక్కడ చిలుకలు అమ్ముతున్నారని ఫిర్యాదు చేశారు. అధికారులు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. మేం చేసిన కాల్స్, పంపిన ఫోటోలు చూసి సరేనన్నారు. కానీ ఆ అరగంటా మా అబ్బాయిలు పడ్డ టెన్షన్ నేను కళ్ళారా చూశాను. పంజరంలో చిలుక, పక్కనే బిల్లింగ్ కౌంటర్. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?

చట్టం కూడా ముందు అలాగే అనుకుంటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో జంతువును పట్టుకోవడం కూడా వేట కిందికే వస్తుంది. 57వ సెక్షన్ ప్రకారం, కేసు నడిచేటప్పుడు ప్రాణి మన ఆధీనంలో ఉందని తేలితే చాలు, అక్రమంగా ఉంచుకున్నామనే భావిస్తారు. కాదని నిరూపించుకోవాల్సింది మనమే. ప్రభుత్వ ఆస్తి కింద లెక్కకొచ్చే వన్యప్రాణి ఎలా చేతికొచ్చినా 48 గంటల్లోపు దగ్గరి పోలీస్ స్టేషన్‌కో సంబంధిత అధికారికో తెలియజేయాలని 39వ సెక్షన్ చెప్తోంది. ఇది సమాచారం ఇవ్వడానికి పెట్టిన గడువు. రెండు రోజులు ఇంట్లో ఉంచుకోవచ్చని దీనికి అర్థం కాదు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో జరిమానాలూ పెరిగాయి. మామూలు నేరాలకు మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మొదటి షెడ్యూల్‌లోని, అంటే చట్టం అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితాలోని ప్రాణి అయితే కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఏడేళ్ళు. వీటికి తోడు మా షాపు 2018 పెట్ షాప్ నిబంధనల కింద నడుస్తోంది. ఒక్క కేసు పడితే రిజిస్ట్రేషన్‌కే ముప్పు.

ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ సంగతి మీలో చాలామంది చూసే ఉంటారు. 2022లో ఒక యువకుడు కాలు విరిగిన సారస్ కొంగను ఇంటికి తెచ్చి బాగుచేశాడు. అది అతన్ని వదలకుండా బండి వెంటే ఎగిరేది. 2023 మార్చిలో అటవీ శాఖ దాన్ని తీసుకెళ్ళింది. చివరికి అది కాన్పూర్ జూకి చేరింది, అతనికి నోటీసు వచ్చింది. వన్యప్రాణి మనిషికి మరీ మచ్చికైపోవడం దానికి మంచిది కాదన్న మాట నిజమే. కానీ కాపాడినవాడిని నిందితుడిలా నిలబెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

రోడ్డు ప్రమాదంలో మనిషిని ఆదుకున్నవారికి 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో రక్షణ వచ్చింది. వన్యప్రాణి చట్టంలో అలాంటిది లేదు. అందులోని 60వ సెక్షన్ సదుద్దేశంతో చేసిన పనికి రక్షణ ఇస్తుంది, అయితే అది ప్రభుత్వ ఉద్యోగులకే. ఇది మారాలి. దెబ్బ తగిలిన పక్షిని చూసి బండి ఆపాలా వద్దా అని మామూలు మనిషి భయపడే పరిస్థితి ఉండకూడదు.

అలాగని చూసీ చూడనట్టు వెళ్ళిపోమని కాదు. మన ఊళ్ళో ఆషాఢం గాలులకి గాలిపటాలు లేస్తాయి, వాటితోపాటే గద్దలు తెగిపడతాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించినా దొరుకుతూనే ఉంది. పోయినసారి మా సందులో పడ్డ గద్ద రెక్కలో దారం చర్మాన్ని కోసుకుంటూ ఎముక దాకా దిగింది. ఈకలు రక్తంతో అతుక్కుపోయి, దారం ఎక్కడ మొదలైందో కూడా తెలియలేదు. అలాంటప్పుడు దారాన్ని లాగొద్దు, లాగితే ఇంకా లోతుగా కోస్తుంది. రెండు వైపులా జానెడు వదిలేసి కత్తిరించండి, మిగతాది డాక్టర్ తీస్తారు. తల మీదుగా మందపాటి టవల్ కప్పండి. చీకటైతే చాలావరకు నెమ్మదిస్తుంది. ముక్కు కన్నా గోళ్ళతోనే ఎక్కువ ప్రమాదం, జాగ్రత్త. బెజ్జాలు పెట్టిన అట్టపెట్టెలో ఉంచి మూసేయండి. పాలు, పెరుగన్నం పెట్టొద్దు, నోట్లో నీళ్ళు పోయొద్దు. సెల్ఫీలు అసలే వద్దు.

వెంటనే కర్ణాటక అటవీ శాఖ హెల్ప్‌లైన్ 1926కి ఫోన్ చేయండి. కెంగేరి-ఉత్తరహళ్ళి రోడ్డులో పీపుల్ ఫర్ యానిమల్స్ వాళ్ళ వన్యప్రాణి ఆసుపత్రి కూడా ఉంది. ఎక్కడ, ఎన్నింటికి దొరికింది, ఎవరితో మాట్లాడారు అన్నది ఒక మెసేజ్‌లో రాసి పెట్టుకోండి, ఒక ఫోటో తీసి ఉంచండి. రేపు ఎవరైనా అడిగితే మీ వైపు మాట్లాడేది అదే.

అనంతపురం, మదనపల్లె వైపు నుంచి కారులో వచ్చేవాళ్ళకి ఇంకో మాట. దారిలో నక్షత్ర తాబేలు కనబడితే, దెబ్బలేవీ లేకపోతే, అది వెళ్తున్న వైపే రోడ్డు దాటించి వదిలేయండి. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని బెంగళూరు తీసుకురావొద్దు. అది మొదటి షెడ్యూల్‌లో ఉంది. కారు కూడా సీజ్ కావచ్చు.

మా వైపు నుంచి చేసేది ఇది. అట్టపెట్టె, టవల్, గ్లవ్స్ షాపు తెరిచి ఉన్నంతసేపూ ఉచితంగా ఇస్తాం. ఫోన్ మీ ఎదుటే చేసిపెడతాం. వాళ్ళు తీసుకురమ్మంటే క్యాబ్ ఖర్చు షాపుదే, కానీ తెచ్చినవాళ్ళు కూడా వెంట వెళ్ళాలి. కౌంటర్ మీద వదిలేసి వెళ్ళిపోవద్దని చేతులెత్తి అడుగుతున్నాను.

రామచిలుకలకి బోర్డింగ్ కూడా ఆపేస్తున్నాం. ఎన్నేళ్ళుగా పెంచుతున్నా వాటిని ఇంట్లో ఉంచుకోవడం ఈ చట్టం ప్రకారం నేరమే. దసరా సెలవులకి వాటి కోసం అడ్వాన్స్ కట్టినవాళ్ళు రసీదు చూపిస్తే మొత్తం డబ్బు వెనక్కి ఇచ్చేస్తాం. విదేశీ జాతి పెంపుడు పక్షులైన బడ్జీలకి, కాకటీల్‌లకి బోర్డింగ్ ఎప్పటిలాగే ఉంటుంది.