గంప దించి వచ్చిన పెద్దమ్మకు కృతజ్ఞతలు

సెలవులకి ఇంటిల్లిపాదీ విశాఖ నుంచి భీమిలి వెళ్లాం. గోస్తని సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో, రెండు రోజులకి అద్దెకు తీసుకున్న తోట ఇల్లు. ఫొటోల్లో స్వర్గమే! తీరా చూస్తే కుళాయి తిప్పితే గాలి, పరుపుల నిండా చెమ్మ వాసన, వంటింట్లో ఖాళీ గ్యాస్ బండ. ఓనరు ఫోన్ ఎత్తలేదు. చిన్నదానికి ఆకలి, నాకు టెన్షన్.

గేటు దగ్గర చేపల గంప దించి, "ఏటమ్మా, నీళ్లు లేవేటి?" అన్నారు మీరు. రెండు బిందెలు మోసుకొచ్చారు. వెంటనే వెళ్లి స్టీలు గిన్నెలో వేడన్నం, పైన చేపల పులుసు తెచ్చారు. ఇంట్లో చేపంటే ముక్కు మూసుకునే మా పిల్ల వేళ్లు నాకింది. డబ్బులిస్తే, "అన్నానికి డబ్బులేటమ్మా" అని కసిరారు.

కంగారులో పేరైనా అడగలేదు. మీ గిన్నె మా దగ్గరే ఉంది పెద్దమ్మా, ఆదివారం తెస్తాను.