లారీ బ్రేకులకు ఫిట్‌నెస్ రోజు పరీక్ష ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

అయ్యా,

మన విశాఖలో హనుమంతవాక దగ్గరో, ఎండాడ వాలులోనో లారీ అదుపు తప్పి ముందున్న వాహనాల మీదికి దూసుకుపోయినప్పుడల్లా 'బ్రేకులు ఫెయిలవడంతో' అన్న మాటతో వార్త ముగిసిపోతుంది. గాజువాక ఆటోనగర్‌లో చాలా ఏళ్లుగా ఎయిర్ బ్రేకుల (ట్యాంకులో నింపిన గాలి ఒత్తిడితో పనిచేసే బ్రేకుల) పనే చేస్తున్న నాకు, వార్త అక్కడి నుంచే మొదలుకావాలనిపిస్తుంది.

స్ప్రింగ్ బ్రేకు ఉన్న లారీలో బ్రేకుల గాలి పూర్తిగా దిగిపోతే బండి పరుగెత్తదు. అంతవరకు గాలి ఒత్తిడికి అణిగి ఉన్న స్ప్రింగులు విచ్చుకుని వెనక చక్రాలను పట్టేస్తాయి. గాలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు 7 బార్ దగ్గర, అంటే సరిపడా గాలి ఉన్నట్టు, నిలకడగా ఉండగానే పట్టు తప్పే బండ్లే నన్ను ఎక్కువ భయపెడతాయి. చక్రంతో తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుని ఆపే లైనర్లు అరిగేకొద్దీ, ఆ ఎడాన్ని సరిచేసే స్లాక్ అడ్జస్టర్‌ను బిగించకపోతే, గాలి నెట్టే చాంబర్ రాడ్డు చివరికంటా బయటికి వచ్చినా లైనర్ డ్రమ్మును గట్టిగా అదమలేదు. చదును రోడ్డు మీద ఆ లోటు తెలియదు. వాలులో పదేపదే తొక్కితే డ్రమ్ము వేడెక్కి, వ్యాకోచించి, లైనర్‌కు మరికాస్త దూరమవుతుంది. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగేవారికి ఇంజిను పట్టు పోవడమే కాక, ఇంజినుతో తిరుగుతూ గాలి నింపే కంప్రెసర్ కూడా నెమ్మదించి ఖర్చయిన గాలి త్వరగా నిండదు.

దీనికి తోడు మనది సముద్రపు ఊరు. కంప్రెసర్ పీల్చుకున్న తేమ ట్యాంకులో నీరై దిగుతుంది. మొన్న వానల్లో వచ్చిన ఒక బొగ్గు లారీకి ట్యాంకు అడుగున నీళ్లు వదిలే డ్రైన్ కాక్ తిప్పితే, నూనె కలిసిన పాలరంగు నీళ్లు రెండు గ్లాసుల దాకా కారిన తర్వాత గాని బుస్సుమని గాలి రాలేదు. ఆ నీరే వాల్వులకు తుప్పు పట్టిస్తుంది, ఆ నూనే రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. గాలిలో తేమను తీసేసే ఎయిర్ డ్రయర్ ఉన్న బండ్లకు ఈ బెడద తక్కువే. అందులో తేమను పీల్చే కార్ట్రిడ్జిని వేళకు మార్పించే యజమానులు మాత్రం నాకు అరుదుగా కనిపిస్తారు.

రవాణా వాహనానికి ఎనిమిదేళ్లు వచ్చేవరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఆ ఒక్కరోజు కోసం బ్రేకులు సర్దించుకుని, మళ్లీ పరీక్ష వేళకు గాని మొహం చూపని బండ్లను నేనే ఎన్నో సిద్ధం చేసి పంపాను కాబట్టి, దాని విలువెంతో నాకు తెలుసు. ఇందులో డ్రైవర్లను తప్పుపట్టలేను. ట్రిప్పు లెక్కన కూలి దొరికే మనిషి, కూలి రాని అరగంటను బండి కింద దూరి గడపాలంటే ఎలా?

పోర్టు లోడు కోసం లారీలు గంటల తరబడి నిలిచే చోట్ల ఒక గొయ్యి, ఒక లైటు, ఒక మెకానిక్ ఉండేలా పోర్టు యాజమాన్యం, రవాణా శాఖ కలిసి ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ఒకరు పెడల్ తొక్కి పట్టుకుంటే మరొకరు ఒక్కో చక్రం దగ్గర రాడ్డు ఎంత బయటికి వచ్చిందో కొలవవచ్చు. ట్యాంకుల నీళ్లు వదలడం కూడా అక్కడే అయిపోతుంది. అలాగే ప్రమాదం జరిగిన లారీని పరీక్షించే అధికారులు ఏ చక్రం దగ్గర ఏ భాగం, ఎందువల్ల పనిచేయలేదో బయటపెడితే, మీ విలేకరులు దానిని కూడా ప్రచురించాలని మనవి.

ఇట్లు,
ఒక ఎయిర్ బ్రేకు మెకానిక్,
గాజువాక, విశాఖపట్నం